అన్నిట్లో ‘ఏ’

“క్లాస్ ఫస్ట్ రేణుక! అందరూ చప్పట్లు కొట్టండి!”

ఆరో తరగతిలో ఒక్క చప్పుడూ లేదు.

స్వాతి టీచర్ చేతిలోని కంప్యూటర్ కాగితం మీంచి తలెత్తి చూసింది. పిల్లలంతా మూడో బెంచీ చివర ఖాళీ వైపు చూస్తున్నారు. మిగతా బెంచీల్లో ఐదుగురేసి ఇరుక్కుని కూర్చుంటే, అందులో నలుగురే ఉన్నారు.

“అక్కడికి జరగండమ్మా!”

“అది రేణుక జాగ, టీచర్.”

“ఏదీ, రాలేదా?”

“ఊరికి పోయిందంట టీచర్,” అంది ఒక పిల్ల, మెల్లగా.

స్వాతి ఆ క్లాసుకు వచ్చి పది రోజులే అయింది. పాత టీచర్ దసరా సెలవుల ముందు మానేసింది. అరవై ఐదు పేర్లు ఇంకా నోటికి రాలేదు. హాజరు నంబర్లతోనే కానిచ్చేస్తోంది.

హఫీజ్‌పేటలోని ఆ బడికి కంప్యూటర్ కూడా ఆ ఏడే వచ్చింది. పక్కన మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడ లేస్తుంటే మనం వెనకబడితే ఎలా అని కరస్పాండెంట్ గారు ముచ్చటపడి కొన్నారు. మూడు నెలల పరీక్షల గ్రేడులన్నీ అందులో ఎక్కించారు. ఎవరు పైకి పోతున్నారో, ఎవరు జారుతున్నారో ఇక అదే చెబుతుందట.

“కింది పదిమందినీ పట్టుకోండి. పైవాళ్ళ గురించి బెంగ అక్కర్లేదు,” అన్నారాయన.

ఆ మాట స్వాతికి నచ్చింది. కింది పది పేర్లూ రాసుకుంది. అన్నిటికంటే పైనున్న పేరు చూసుకుని, తన క్లాసే కదా అని మురిసిపోయింది.

శనివారం తల్లిదండ్రులు రిపోర్టు కార్డుల కోసం వచ్చారు. వరస చివర సెక్యూరిటీ డ్రెస్సులో ఒకాయన, టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. చేతిలో నాలుగు మడతల కాగితం.

“మీరు?”

“మొగిలి, మేడం. రేణుక వాళ్ల నాయిన.”

స్వాతి ముఖం విప్పారింది.

“మీ కోసమే చూస్తున్నా! కూర్చోండి.”

ఆయన కూర్చోలేదు.

“మేడం, రేణుక…”

“ముందు ఇది చూడండి. అన్నిట్లో ‘ఏ’! మీ అమ్మాయే క్లాస్ ఫస్ట్!”

మొగిలి కార్డు వైపు చాలాసేపు చూశాడు.

“ఫస్టా?”

“మూడు నెలల నుంచీ ఫస్టే. కంప్యూటరే చెప్పింది.”

“అది తప్పు చెప్పదా, మేడం?”

“మనుషులైతే చెబుతారు గానీ, అది చెప్పదు.”

ఆయన పెదవులు వణికాయి. సంతోషం పట్టలేకపోతున్నాడనుకుంది స్వాతి.

“జర ఇంకొకపారి చెప్పుండ్రి.”

చెప్పింది, ఈసారి నలుగురికీ వినబడేలా.

“ఆ కాగితమేంటి, లీవ్ లెటరా?” అంటూ తనే అందుకుని హాజరు పట్టీలో పెట్టేసింది.

మొగిలి కార్డును కళ్ళకద్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

“పేరు గట్లనే ఉండనియ్యుండ్రి, మేడం.”

అదేం మాటో స్వాతికి అర్థం కాలేదు.

సోమవారం మధు లేచి నిలబడ్డాడు. కింది పదిమందిలో ఒకడు.

“టీచర్, నాకు లెక్కల్ల ‘ఏ’ ఎట్లొచ్చింది?”

“బాగా రాసి ఉంటావు!”

“కామెర్లయినయి టీచర్. పరీక్షకే రాలే.”

క్లాసంతా గొల్లుమంది.

స్వాతి నవ్వలేకపోయింది. పాత టీచర్ మార్కుల పుస్తకం తెరిచింది. మధు పేరు ఎదురుగా, లెక్కల గడిలో ఎర్ర సిరాతో ‘ఏ’. ఆబ్సెంట్ అని. కంప్యూటర్ దాన్ని ‘ఏ’ గ్రేడుగా లెక్కేసింది.

వేలు కిందికి జారింది. రేణుక. ఆరు సబ్జెక్టులు, మూడు నెలలు. అన్నీ ఎర్ర ‘ఏ’లే.

పక్కన నంబరు, ఇరవై ఏడు.

వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే తను పిలుస్తున్న నంబరు. ఎవరూ పలకకపోతే ‘ఏ’ వేసి, తలెత్తకుండానే ఇరవై ఎనిమిదికి పోయింది. ఎన్నాళ్ళుగా పలకడం లేదో వెనక పేజీలు తిప్పి చూడలేదు.

హాజరు పట్టీలోంచి మొగిలి కాగితం తీసి, మడతలు విప్పింది. ఎవరిచేతో రాయించినట్టున్నాడు, కింద సంతకం మాత్రం వంకర టింకరగా ఉంది.

“మా బిడ్డ రేణుక బడి తెరిచిన పదిహేను రోజులకే విషజ్వరమొచ్చి దవాఖానలో చనిపోయింది, కావున పట్టీలో ఆమె పేరు కొట్టేయగలరు.”