వంద అక్షరాల్లో కారణం

"నాలుగోసారి కూడా తిప్పికొట్టింది సార్. ఆరు దాటితే మా షాపు లైసెన్సు పోతుంది."

సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆవిడ స్క్రీన్ మీద ఆ మాటలు పడ్డాయి. చిన్న వ్యాపారులు రాష్ట్ర పన్ను రిటర్న్ వేసుకునే సాఫ్ట్‌వేర్‌కి సహాయ కేంద్రం అది. అక్కడ గొంతులు వినపడవు. అంతా టైపు చేసుకోవడమే. సహాయం చేసేవాళ్ళకి పేర్లుండవు, నంబర్లుంటాయి. ఆవిడ నంబరు పద్నాలుగు. పద్నాలుగు ఆడో మగో తెలీక అందరూ సార్ అనే అంటారు. ఆవిడ దిద్దదు.

తోటివాళ్ళు ఆవిడకి మంచుగడ్డ అని పేరు పెట్టారు. అవతలివాళ్ళు తిట్టినా, ఏడ్చినా ఆవిడ జవాబు ఒకటే. అది ఓర్పు అనుకుంటే పొరపాటు. కొన్నేళ్ళుగా ఆవిడకి ఏదీ పెద్దగా అనిపించడం లేదు, అంతే. గడియారం చూస్తేగాని ఆకలి కూడా గుర్తు రాదు.

అవతలి మనిషిది ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు. వివరాలు ఆవిడ పై నుంచి కింది దాకా మళ్ళీ ఒకసారి చదివింది. తర్వాత ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"అర్థమైంది. స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో చెప్పండి."

రిజిస్ట్రేషన్ నంబరు చివర ఒక ఖాళీ పడింది. మనిషి కంటికి ఆనదు, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం కొండంత. అది తీయించింది. ఈసారి వెర్షన్ పాతదంది. కొత్తది దించుకోవడానికి అరగంట పట్టింది. కొత్తది రాగానే పాతదాంట్లో నింపినవన్నీ ఎగిరిపోయాయి. మూలిగే నక్క మీద తాటిపండు. ఆవిడ మొదటి గడి నుంచి మళ్ళీ ఒక్కొక్కటే నింపించింది.

సూపర్‌వైజర్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"గంటయిందమ్మా. ఒక్కడి కోసం ఇంతసేపేంటి? ఫిర్యాదు టికెట్ మూసేసి పైవాళ్ళకి పంపెయ్. రేపు చూస్తారు."

"రేపటికి షాపుండదు సార్."

"మనదా ఏంటి ఆ షాపు?" అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. నవ్వదని ఆయనకీ తెలుసు. తల గోక్కుంటూ పక్క వరసలోకి వెళ్ళిపోయాడు.

అయిదున్నరకి ఆఖరి ఎర్రర్ వచ్చింది. రెండో భాగస్వామి సమ్మతి లేదు. ఈ ఏడాదే కొత్తగా పెట్టిన నిబంధన.

"ఇది మాత్రం అవదు సార్. వదిలెయ్యండి," అని రాశాడతను.

"ఎందుకు?"

"రెండో భాగస్వామి మా అక్క. మూడేళ్ళయింది మాటల్లేక. ఎక్కడుందో కూడా తెలీదు."

ఆవిడ గడియారం చూసింది. ఇంకా టైముంది. అతను ఆగలేదు, రాసుకుంటూ పోయాడు. ముక్కూ మొహం తెలీని వాళ్ళకి చెప్పుకోవడం ఒక్కోసారి తేలిక.

"నాన్న పోయిన రోజు, ఆయన్ని ఇంకా ఇంట్లోంచి తీసుకెళ్ళకముందే అక్క వెళ్ళి షాపు తెరిచింది. అందరి ముందూ అడిగేశాను, నీకసలు గుండె ఉందా అని. మర్నాడే వెళ్ళిపోయింది."

"తర్వాత?"

"తర్వాతేముంది సార్. ఆ రోజు ఎవరో అన్నదమ్ములు వాళ్ళమ్మ ఫొటో కోసం షాపు మెట్ల మీద కూర్చున్నారట. వాళ్ళింట్లోనూ అదే పరిస్థితి. వాళ్ళకి ఫ్రేము కట్టిచ్చి వచ్చింది. ఆర్నెల్ల కిందట వాళ్ళే వచ్చి చెప్పారు. తను నోరు తెరిచి చెప్పే రకం కాదు. నేను అడిగే రకం కాదు."

లైను పోయిందేమోనని అతను "సార్?" అని కొట్టాడు.

"ఉన్నాను. సమ్మతి కోసం అభ్యర్థన పంపండి. నమోదైన నంబరుకి వెళ్తుంది."

"ఆ నంబరు పని చెయ్యట్లేదు సార్. ఎన్నిసార్లు చేశానో."

"రికార్డులో నంబరు మారింది. చివర డెబ్భై మూడు అని ఉంది, చూడండి."

"ఎవరు మార్చారు?"

"భాగస్వామి తప్ప ఇంకెవరూ మార్చలేరు."

రెండు నిమిషాలకి అతని జవాబు వచ్చింది.

"కారణం అని ఒక గడి అడుగుతోంది. ఏం రాయాలి?"

"మీ ఇష్టం. ఖాళీగా వదిలితే మాత్రం ఎర్రర్ వస్తుంది."

"వంద అక్షరాలే అంటోంది. సరిపోవు సార్."

"సరిపోతాయి. రాయండి."

అయిదూ నలభై ఆరుకి అభ్యర్థన వెళ్ళింది. పది నిమిషాల్లో జవాబు రాకపోతే అదంతటదే రద్దవుతుంది.

"పంపేశాను. ఇంక నా ప్రాప్తం ఎలా ఉంటే అలా," అని రాశాడతను.

"అక్కడే ఉండండి," అని కొట్టి ఆవిడ లేచింది. ఆ గదిలో ఆవిడ ఆరు కాకుండా కుర్చీ వదలడం అదే మొదటిసారి. పక్క సీటు అమ్మాయి తలెత్తింది.

"ఎక్కడికి మేడమ్?"

"మంచినీళ్ళకి."

సీసా నిండుగా బల్ల మీదే ఉంది. ఆ అమ్మాయి దాన్నీ, ఆవిడనీ మార్చి మార్చి చూసింది.

ఆవిడ మంచినీళ్ళ కుళాయి దాటి, లోపలికి తేనివ్వని ఫోన్లుంచే లాకర్ల దాకా నడిచి, తన ఫోన్ తీసి, "అక్కా, ఫొటో వాళ్ళు వచ్చి అంతా చెప్పారు, తప్పు నాదే" అన్న కారణం రెండుసార్లు చదివి, దాని కింద 'సమ్మతం' నొక్కింది.