రెండో నట్టు

కారు నేరుగా పోతోంది. స్టీరింగు మాత్రం పక్కకు చూస్తోంది.

గిద్దలూరు బట్టల దుకాణం రాఘవయ్య ఆ వంకర స్టీరింగు పట్టుకునే తోలుతున్నాడు. పక్కన కూర్చున్న భార్య భ్రమరాంబకు అదే కంట్లో నలుసయింది.

"ఏందండీ, నిన్ననే కదా మార్కాపురంలో చక్రాలు సరిచేయించుకొస్తిరి?"

"చక్రాలు సరిచేసినారు. ఇది ఇట్ల కుదిరింది. బండి పోతాండాది కదా."

"మెడ పట్టేసిన మనిషి కూడా నడుస్తాడు."

వెనక సీట్లో కూతురు వసుంధర నవ్వింది. ఆమె ఒళ్లో మూడో నెల బిడ్డ, బుగ్గన దిష్టిచుక్కతో నిద్రపోతోంది. బిడ్డతో ఆమెను మొదటిసారి నంద్యాలలో అత్తగారింట దిగబెట్టి రావాలి. గురువారం, ఒకటిన్నరకు రాహుకాలం. ఆలోపల ఆ ఇంటి గడప దాటాలి. మధ్యలో నల్లమల ఘాటు రోడ్డు.

రాష్ట్రం రెండుగా చీలిన మరుసటేడు సంగతి ఇది.

భ్రమరాంబ అనుమానం వీధికంతా తెలుసు. పాలు పోసేవాడి ఎదుటే చెంబులో వేలు ముంచి చూసే మనిషి. బండిలో పసిబిడ్డ ఉండగా ఇంకెవరిని నమ్ముతుంది?

ఘాటు మొదలయ్యే చోట అంకాలమ్మ టీ బంకు. అక్కడ కారు ఆపాడు రాఘవయ్య.

బంకు పక్కన గోనెపట్ట మీద కూర్చున్న ముసలాయన లేచి వచ్చి, కిటికీలోంచి స్టీరింగు వైపు చూశాడు.

"నిన్నామొన్న అలైన్‌మెంట్ చేయించినారా అన్నా?"

"నీకెట్ల తెలుసు?" భ్రమరాంబ అందుకుంది.

"స్టీరింగే చెప్తాంది తల్లీ. పైన ఇట్లుందంటే కింద పని హడావిడిగా చేసినట్టు. పది నిమిషాల్లో సరిచేస్తా. డబ్బులేం వద్దు."

డబ్బులు వద్దన్న మాటే ముల్లులా గుచ్చుకుంది భ్రమరాంబకు. ఊరికే వచ్చింది ఏదీ ఊరికే పోదని ఆమె లెక్క.

"మనం పిలిచినామా? వద్దనండి."

రాఘవయ్యను మాత్రం ఆ వంకర పొద్దుటి నుంచీ పీకుతూనే ఉంది. "స్టీరింగు ఊడబీకి నేరుగా పెడితే చాలదా పెద్దాయనా?"

"బొట్టు వంకరగా ఉంటే అద్దాన్ని దిద్దినట్టయితాదన్నా. వంకర కిందుండాది."

ముసలాయన తన తువ్వాలుతో స్టీరింగును నేరుగా నిలిపి సీటుకు కట్టేశాడు. వెనక చక్రం మీదుగా ముందు చక్రానికి దారం లాగి ఒక కన్ను మూసి చూశాడు. రెంచీ తీసుకుని వెల్లకిలా కారు కిందికి జరిగాడు.

"చక్రాలను తిప్పే కడ్డీలు రెండు పక్కలా రెండుంటాయన్నా. ఒకటి ఎంత పొడుగు చేస్తే రెండోది అంత పొట్టి చేయల్ల. అయినాక నట్లు బిగించల్ల. ఇవేమో చేతికే తిరుగుతాండాయి. నిన్న బిగించనేలేదు."

భ్రమరాంబ వంగి చూసింది. కాళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఇనుము మీద ఇనుము కిర్రుమంది.

వదులు చేస్తున్నాడు. వదులు చేసి, మార్కాపురం వాళ్ల మీదికి నెడుతున్నాడు, అనుకుంది. ఘాటు మలుపులో బండి ఆగిపోతుంది. అక్కడ వీడి మనుషులు కాచుకుని ఉంటారు. మెడల్లో గొలుసులు, ఒళ్లో పసిబిడ్డ.

"ఏం విప్పుతాండావురా? బయటికి రా."

"ఒకటి బిగించినా. రెండో నట్టు ఉండాది తల్లీ."

ఆమె టీ తాగుతున్న ఇద్దరు లారీవాళ్లను కేకేసింది. "అన్నా, ఇట్ల రాండి. వీడెవడో బండి విప్పుతాండాడు."

"మేమూ చూస్తాండాం. వచ్చే బండి, పోయే బండి కింద దూరతానే ఉంటాడు," అంటూ వాళ్లు కాళ్లు పట్టి ఈడ్చారు. వీపు కంకరకు గీసుకుపోయింది. ఒకడి చెయ్యి ముసలాయన మూతి మీద పడింది.

"కొట్టబాకండి నాయనా," అంటూ అంకాలమ్మ బంకులోంచి వచ్చేలోపే, భార్య భయం రాఘవయ్యకూ అంటుకుంది. తువ్వాలు విప్పి పారేసి ఇంజను స్టార్టు చేశాడు.

ముసలాయన పోయి ముందు చక్రానికి అడ్డంగా పడుకున్నాడు.

"ఒక్క నట్టు. బిగించినాక చంపండి."

"తాగినాడు," అంది భ్రమరాంబ.

"బిగించుకోనీ నాయనా. పొద్దు పోతాండాది," అంది వసుంధర.

రాఘవయ్య ఇంజను ఆపాడు. ముసలాయన పెదవి నెత్తురు తుడుచుకోకుండానే కిందికి జరిగి రెండో నట్టు బిగించాడు. మొదటిదీ మళ్లీ పట్టి చూశాడు. బయటికి వచ్చి దారి ఇచ్చి నిలబడ్డాడు.

"వీణ్ని మళ్లీ ఈడ కనపడనీయొద్దండి," అని లారీవాళ్లకు గట్టిగా చెప్పి మరీ బయల్దేరింది భ్రమరాంబ.

ఘాటంతా స్టీరింగు నేరుగానే ఉంది. ఆమె మాత్రం ప్రతి మలుపులో మంగళసూత్రం పట్టుకునే కూర్చుంది.

రాహుకాలానికి ముందే గడప దాటారు. సాయంత్రం ఆమె పోరు పడలేక వియ్యంకుడు మెకానిక్‌ను పిలిపించాడు. అతను కారు కింద చూసి లేచాడు.

"ఏమేం వదులు చేసినాడు?" అడిగింది భ్రమరాంబ.

"రాయిలా బిగించినాడమ్మా. ముందెట్లుండె?"

"చేతికే తిరుగుతాండాయి అన్నాడు," వసుంధర చెప్పింది.

మెకానిక్ ఆమె ఒళ్లోని బిడ్డ వైపు చూశాడు. "అట్లనే ఘాటెక్కి ఉంటే మలుపులో కడ్డీ ఊడేది. చక్రం ఒక దిక్కు, మీరొక దిక్కు."



మూడో రోజు తిరిగి వస్తూ, భ్రమరాంబ ముసలాయన కోసం పంచెల చాపు ఒకటి కొని పట్టుకుని బంకు దగ్గర దిగింది.

గోనెపట్ట లేదు. "ఆ పెద్దాయన యాడ?" అని అడిగింది.

"ఆదెయ్యా? లారీవోళ్లు తరిమినారు కదమ్మా," అంది అంకాలమ్మ. "ఈ దిక్కుకొస్తే కాళ్లిరుస్తామన్నారు. యాడికి పోయినాడో ఏమో."

"బండ్ల కింద దూరేది ఎందుకంట ఆయన?"

అంకాలమ్మ పొయ్యి మీది గిన్నె దించింది.

"ఏడేండ్లయిందమ్మా. పెండ్లికి పోయే జీపు ఆ పై మలుపులో చక్రం పక్కకు తిరిగి లోయలో పడింది. తొమ్మిది మంది పోయినారు."

"ఆయన వాళ్లుండిరా అందులో?"

"లేరమ్మా. ముందురోజు ఆ జీపు చక్రాలు సరిచేసింది ఆయనే."