అబద్ధాల వంతెన

వంతెన మొదట్లోనే స్మరండ ఆగిపోయింది.

“రా,” అన్నాడు హోరియా. అతను అప్పటికే నాలుగడుగులు ముందున్నాడు.

“నేను రాను.”

“ఇనుప వంతెన. నూటయాభై ఏళ్ల నుంచి నిలబడే ఉంది. నీ బరువుకేం కూలదు.”

“బరువుకి కాదు. అబద్ధమాడినవాళ్లు ఎక్కితే కిర్రుమంటుందట. ఇందాక ఆ ఫొటోలాయనతో హనీమూన్ అన్నావుగా.”

“నేనన్లేదు. ఆయనే అడిగాడు. నేను నవ్వానంతే.”

“అలా నవ్వడం కూడా అబద్ధమే. ఇదేం హనీమూన్? దొంగల్లా తిరుగుతున్నాం.”

ఆమె ఒంటిమీద ఇంకా పెళ్లి గౌనే ఉంది. దాని మీద అతని కోటు. నిన్న విందు మధ్యలో హాలు వెనక తలుపులోంచి బయటపడి, తెల్లవారగానే మొదటి రైలెక్కి సిబియు పట్నం వచ్చేశారు. ఊరికి తిరిగి వెళ్లే రైలు సాయంత్రం ఐదింటికి. దాన్ని ఎక్కాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

వంతెన వదిలేసి గడియారం బురుజు ఎక్కారు. తెల్లబూట్లు కరిచి స్మరండ మడమలు మండుతున్నాయి. మెట్ల మీద ఎదురైన ముసలి జంట ఆమె గౌను చూసి, “మీ కాపురం రాతి ఇల్లంత గట్టిగా ఉండాలి!” అని దీవించింది. హోరియా తలవంచుకుని పక్కకి తప్పుకున్నాడు.

పైనుంచి చూస్తే ఎర్రటి పెంకుల కప్పులు, వాటిలో సగం మూసిన కళ్లలాంటి అటక కిటికీలు. ఊరంతా తననే చూస్తున్నట్టనిపించింది స్మరండకి. అందరూ దూరంగా ఉన్న మంచుకొండలు చూస్తుంటే, ఆమె మాత్రం స్టేషన్ నుంచి వచ్చే రోడ్డునే చూస్తోంది.

“ఎవరైనా వస్తున్నారా?” అడిగాడు హోరియా.

“లేదు.”

ఆ మాటలో ఉన్నది ఊరటో, దిగులో అతనికి అర్థం కాలేదు.

ఫోను మోగింది. స్మరండ ఆత్రంగా తీసి చూసింది. అమ్మ.

“ఎక్కడున్నారే? చుట్టాలింకా కదల్లేదు. నీ నెత్తిమీది ముసుగు తీసి రుమాలు కట్టాలని పెళ్లిపెద్దావిడ రాత్రి నుంచీ కాచుకుని కూర్చుంది. అది కట్టందే పెళ్లి పూర్తయినట్టా? నీకు లేకపోతే వాడికైనా బుద్ధుండొద్దూ!”

“అక్కడ... ఎవరైనా ఏమైనా అంటున్నారా అమ్మా?”

“ఏమంటారు? తాగుతున్నారు, నవ్వుతున్నారు. నువ్వు ఐదింటి రైలుకి వచ్చెయ్ తల్లీ. అది కూడా దాటిపోతే నేనెవరికీ మొహం చూపించలేను.”

ఆమె ఫోను సంచిలో వేసుకుంది. ఆ సంచిలోనే మడతపెట్టిన ముసుగు తగిలింది. చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

కింద చౌకులో పొద్దుటి ఫొటోలాయన మళ్లీ పట్టుకున్నాడు. “ఒక్కటి! ఇద్దరూ ఉంగరాలు కనిపించేలా చేతులు పైకెత్తండి!” స్మరండ చెయ్యి సగం ఎత్తింది. హోరియా చేతులు జేబుల్లోనే ఉన్నాయి. “చలిగా ఉందండీ,” అని నడిచిపోయాడు.

మధ్యాహ్నం ఒక చిన్న పూటకూళ్లింట్లో కూర్చున్నారు. దాన్ని నడిపే ముసలావిడ పేరు లుక్రేత్సియా. ఏమీ అడక్కుండానే కోడి కార్జం ముక్కలు వేసిన పుల్లటి చారు రెండు గిన్నెల్లో తెచ్చి పెట్టింది.

“పెళ్లి మర్నాడు ఇదే తాగాలి. రాత్రి తాగినదంతా దిగిపోతుంది,” అని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. “మా పెళ్లిలోనూ ఆనవాయితీ ప్రకారం కుర్రాళ్లు నన్నెత్తుకెళ్లి గడ్డివాములో దాచారు. నన్ను విడిపించుకోడానికి వాళ్లడిగిన రెండు విస్కీ సీసాలు పట్టుకుని మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. ఒక కాలికి బూటే లేదు!”

“ఎంతసేపటికి వచ్చారు?” అడిగింది స్మరండ.

“ఎంతసేపేంటమ్మా, పావుగంట. ఆ గడ్డిలో నేనింకా సరిగ్గా కూర్చోనేలేదు.”

స్మరండ చెంచా కింద పెట్టేసింది.

“నిన్నూ ఎత్తుకెళ్లారా?”

“ఎత్తుకెళ్లారు.”

“ఏం బాబూ, ఎన్ని సీసాలకి తెగింది?”

హోరియా గిన్నెలోకి చూస్తూ, “ఇంకా బేరం తెగలేదమ్మా,” అన్నాడు.

ముసలావిడ బల్ల చరిచి మరీ నవ్వింది. “పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఇంకా బేరమేంట్రా, వెధవా!”

నాలుగున్నరకి మళ్లీ వంతెన దగ్గరికి వచ్చారు. స్టేషన్‌కి పది నిమిషాల దారి. హోరియా వంతెన మధ్యకి వెళ్లి నిలబడ్డాడు. స్మరండ మొదట్లోనే ఉండిపోయింది.

“అక్కడే ఉండి ఒకటి చెప్పు. పొద్దున రైలెక్కుదామని ఎందుకన్నావు?”

“రాత్రంతా నువ్వు ఏడుస్తూనే ఉన్నావు. అందుకు.”

వంతెన కిర్రుమనలేదు.

“అంతేనా?”

అతను వంతెన కమ్మీ మీద చేతులు ఆనించాడు. తర్వాత, “అంతే కాదు,” అన్నాడు.

వంతెన అప్పుడూ కిర్రుమనలేదు.

“మరి నన్ను ఐదింటి రైలెక్కిస్తావా?”

“నువ్వెక్కుతానంటే టికెట్ తెస్తాను. నీ బదులు నేను తేల్చను, స్మరండా.”

ఫోను మోగింది. ఈసారి అమ్మ కాదు.

స్మరండ తెల్లబూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. వంతెన మీద పరిచిన చల్లటి రాళ్లపై ఒక్కొక్క అడుగే వేస్తూ మధ్యకి వచ్చి, ఫోను చెవికి ఆనించుకుంది. అటువైపు అకార్డియన్ మోత, నవ్వులు. మొత్తం విన్నాక ఊపిరి పీల్చుకుంది.

“ఒక్క సీసా తగ్గిస్తారేమోనని నిన్న అర్ధరాత్రి నుంచీ బేరమాడుతూనే ఉన్నావు కదా లివియూ,” అంది స్మరండ, నిన్న చర్చిలో తన వేలికి ఉంగరం తొడిగిన పెళ్లికొడుకుతో, “నన్నెత్తుకొచ్చిన నీ స్నేహితుడు హోరియాకి ఇప్పుడు ఏ సీసాలూ అక్కర్లేదట, నాకు ఆ రైలూ అక్కర్లేదు.”