అసిరమ్మ పది వేళ్ళు

ఇప్పుడు అన్ని కార్ఖానాల్లో ఉన్నట్టే మా ఆవకాయ షెడ్డు గోడకీ బీమా కన్ను, అంటే బీమా కంపెనీ పెట్టిన మాట్లాడే కెమెరా, ఉంది. పనివాళ్ళకు దెబ్బ తగిలితే అందే పరిహారం కోసం ఏటా నేనెంత కట్టాలో అదే చూసి చెబుతుంది. ఈసారి రెట్టింపు చెప్పింది.

"అరవై ఏడేళ్ళ అసిరమ్మను కత్తి దగ్గర మాన్పిస్తే తగ్గుతుంది," అంది.

అంత కట్టలేను. ఆమెను పొమ్మనలేను.

అసిరమ్మ లేచి కన్ను ముందు రెండు చేతులూ చాపింది. "నలబై ఏళ్ళనుంచి కాయ కొడతన్నాను. ఒక్క గాటుంటే సెప్పు. ఓలప్పా, మీ సేతులూ సూపించండే!"

మిగిలిన ఆడవాళ్ళ వేళ్ళన్నీ మచ్చలే. కన్ను కాసేపు లెక్కలు వేసింది.

"ఈమె అందరికీ నేర్పితే నిరుటికంటే తక్కువే పడుతుంది."

"నేర్పుతాను గానీ," అంది అసిరమ్మ నావైపు తిరిగి, "ఆ తగ్గింది నా కూలిలో కలిపీమ్మా."