ఉత్తుత్తి లెక్క

ఆమె భర్తకు జన్మలో దొరకనివి రెండే: ఫ్రిజ్‌లో కళ్ళెదురుగా ఉన్న గిన్నె, తనలో తప్పు. మూడు వారాలుగా మూడోది కూడా చేరింది.

"సోర్స్ కోడ్ లేదుట! ప్రెస్సులో కాగితాలు కోసే మెషిన్‌ని నడిపే ప్రోగ్రాం. పాత కంప్యూటర్ చచ్చింది, కొత్తదానికి దీని భాష రాదు. మనిషన్నవాడు చదవగలిగే కాగితం ఒక్కటి లేదు. మిగిలింది ఈ అంకెల మూట!" అన్నాడు, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ అంగుళం కూడా జరపకుండా.

"రాసినవాళ్ళని అడగచ్చుగా?" అందామె, కంచానికి చోటు వెతుక్కుంటూ.

"ఆ కంపెనీ మూతబడి పదిహేనేళ్ళు. రాసినవాడెవడో గానీ శుద్ధ దద్దమ్మ. ఇది చూడు. మీట నొక్కాక, కత్తి దిగేముందు, ఒకటి నుంచి లక్ష దాకా లెక్కపెడుతుంది. పెట్టి ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు!"

ఆమె చేతిలో గరిటె ఆగింది. "దేనికో పెట్టి ఉంటారు. తీసెయ్యకండి."

"తియ్యనులే. ఉన్నదున్నట్టే కొత్త భాషలోకి దింపుతున్నా. పాతదానికి కాస్త టైం పట్టేదేమో గానీ, కొత్త కంప్యూటర్‌కి లక్ష ఒక లెక్కా? రెప్పపాటులో అయిపోతుంది."

"అలా అయితే మరి..."

"అమ్మా తల్లీ, ఇది నువ్వు పెళ్ళికి ముందు వెలగబెట్టిన టైపింగ్ ఉద్యోగం కాదు. వడ్డించు."

ఆమె వడ్డించింది. అతను ఉప్పు అడిగితే మాత్రం వినపడనట్టు ఊరుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ప్రెస్సు నుంచి ఫోన్. కొత్త కంప్యూటర్ పెట్టిన మొదటి పూటే. కాగితాలు కోసే పెద్దాయన ఎప్పటిలాగే కాలితో మీట నొక్కి, కట్ట అంచు సర్ది, చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. కత్తి ఆగలేదు. రెండు వేళ్ళు.

ఆసుపత్రి వరండాలో పెద్దాయన భార్య ఆయన చేతిగడియారం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ వైపు చూడలేక, ప్రోగ్రాం దింపినవాడు తన భార్య పక్కన నిలబడి గోడకేసి గొణుగుతున్నాడు.

"నా తప్పేముంది? అక్షరం పొల్లు పోకుండా దింపాను. ఆ ఉత్తుత్తి లెక్క ఎందుకో ఆ దద్దమ్మ ఒక్క ముక్క రాసి చస్తే కదా!"

"రాశాను," అందామె. "'చెయ్యి తీసుకోడానికి ఒక్క సెకను' అని దాని పక్కనే రాశాను. ఆ ప్రోగ్రాం కాగితాలు బీరువాలో నా బట్టల కిందే ఉన్నాయి. మీ అంతట మీరు అడిగితేనే ఇద్దామని పంతం పట్టి కూర్చున్నాను. తప్పు నాదండీ."