వంకాయ తింటే రష్యన్

మా సర్కారు బడిలో ఇప్పుడు పరాయి భాషల్ని మధ్యాహ్న భోజనంలోనే కలిపి పెడుతున్నారు. గుడ్డు తింటే జపనీస్ వస్తుంది, వంకాయ కూర తింటే రష్యన్.

భాషల పండగకి రష్యా నుంచి తమారా గారొచ్చారు. ఆవిడ వాళ్ల బడిలో గోంగూర తిని తెలుగు నేర్చుకున్నారట. నా ఆరో తరగతి పిల్లల్ని రష్యన్‌లో ఏదో అడిగారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

"వంకాయ తింటున్నారు కదర్రా?" అన్నాను.

"తింటున్నాం టీచర్," అంది హైమ, నేల చూపులు చూస్తూ.

ఇంతలో ప్రహరీ అవతల నుంచి ఎవరో గడగడా రష్యన్‌లో జవాబు చెప్పారు. కిటికీలోంచి తొంగిచూస్తే బడి పక్కింటి పోలమ్మ వాళ్ల గేదె.

తమారా గారు మురిసిపోయి దాంతో చాలాసేపు మాట్లాడారు.

"ఏమంటోందండీ?" అన్నాను.

"రోజూ గోడ మీంచి కూర పడేసే పిల్లలకి దండాలు చెప్పమంది. ఉప్పు మాత్రం కాస్త తక్కువవుతోందట."