కొత్త కెమెరా మీద నేరాలు

"ఆ కెమెరా రేపు పొద్దున్నే షాపులో తిరిగిచ్చేసి రండి" అంది వీడియోగ్రాఫర్ భార్య, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకు? దానికేమొచ్చింది?"

"ఏం రాలేదో అడగండి. బరువు. మొన్న పెళ్ళి నుంచి వచ్చి భుజం పట్టేసిందని మూలిగిందెవరు?"

"పాతదీ బరువే."

"దాని బ్యాటరీకి చంటిపిల్లల ఆకలి. పెట్టిన కాసేపటికే మళ్ళీ పెట్టమంటుంది. సరిగ్గా పెళ్ళికొడుకు ఉంగరం తొడిగే వేళకి వేడెక్కి ఆగిపోయిందట కదా?"

"ఫ్యాన్ తిప్పి చల్లార్చానుగా."

"అవును, పెళ్ళివాళ్ళు చెమటలు కక్కుతుంటే ఫ్యాన్ కెమెరాకి తిప్పారు. వాళ్ళ మేనత్త ఫోన్ చేసి మరీ దెప్పింది."

ఆయన నవ్వాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఈ గదిలో ఇద్దరిదీ ఇదే పద్ధతి. ఆయన తీసుకొస్తాడు, ఆవిడ కత్తిరించి అతుకుతుంది. మధ్యలో దెబ్బలాట ఉండాల్సిందే.

"నవ్వకండి. ఒక్కో వీడియో ముక్కా కొండంత ఉంది. కంప్యూటర్ మింగలేక కక్కలేక ఛస్తోంది. ఇంతా చేసి వాళ్ళు చూసేది అరచేతిలో ఫోన్‌లో. పెళ్ళికూతురి తల్లికి నాలుగు ఫొటోలు పంపానో లేదో, మా అమ్మాయికి మొటిమల్లేవు, మీ కెమెరాయే మొలిపించిందని గొడవ."

"ఇంకా?"

"ఇంకానా? మెమరీ కార్డులో పనికి చోటేదీ? నిండా నేనే! బట్టలారేస్తూ నేను, ఉల్లిపాయలు తరుగుతూ నేను, నోరు తెరుచుకుని నిద్రపోతూ నేను. ఈ వయసులో నన్ను తీసి ఎవరికి చూపిస్తారు?"

"కొత్త వస్తువు కదా, పరీక్షించి చూడద్దూ" అన్నాడాయన, మళ్ళీ గుడ్డ అందుకుంటూ.

చెప్పినవన్నీ నిజమే. కానీ ఆవిడ బాధ వాటిలో ఏదీ కాదు. మొన్నటి పెళ్ళి వీడియో తెరిచిన దగ్గర్నుంచి ఆవిడకి అన్నం సయించడం లేదు. పెళ్ళికూతురు మసగ్గా ఉంది, ఆమె వెనక పరదా మీది పువ్వులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. పెళ్ళికొడుకు చెవి బాగా వచ్చింది, కళ్ళు రాలేదు. సగానికి సగం అలాగే ఉంది.

ఆయన ఫోకస్ ఎప్పుడూ చేత్తోనే తిప్పుతాడు. కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకునే మీట ఒకటుంటుంది. ఏ కెమెరా కొన్నా ఆ రోజే దాని మీద నల్ల టేపు అంటించేస్తాడు. "చూసే పని కూడా అదే చేస్తే ఇక నేనెందుకు?" అంటాడు. పాత కెమెరాలో బొమ్మే కాస్త మెత్తన, చిన్న చిన్న తప్పులు అందులో కలిసిపోయేవి. కొత్తది ఏదీ దాచదు.

ఆయన చూపు పోతోంది. గడప తట్టుకోవడం, ఫోన్‌లో మెసేజ్ వస్తే "కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, నువ్వే చదువు" అనడం, అన్నీ ఆవిడకి ఇప్పుడు అర్థమవుతున్నాయి. ఆ కంటిని నమ్ముకుని బతికిన మనిషికి ఆ మాట ఏ నోటితో చెప్పడం? తన తప్పుల్ని తనే తెర మీద చూస్తే తట్టుకోగలడా? అందుకే నేరాలన్నీ కెమెరా మీద మోపింది. దానికి నొప్పి పుట్టదు.

"సరే, ఆ పెళ్ళి పెట్టు. అంత పనికిమాలిందో కాదో నేనూ చూస్తాను." ఆయన కెమెరా ఒళ్ళో పెట్టుకుని, స్టూలు లాక్కుని తెర ముందుకొచ్చాడు.

ఆవిడ కంగారులో చేతికందిన మరో ముక్క తెరిచింది. "ముందు నా అందం చూసి తరించండి."

తన వీడియోల చిన్న బొమ్మలు చూసిందే కానీ, ఒక్కటీ ఆవిడ ఇంతవరకూ తెరిచి చూడలేదు. కిటికీ దగ్గర నిలబడి తల ఆరబెట్టుకుంటోంది. అద్దంలో చూసుకున్నట్టుంది. ఒక్కో తెల్ల వెంట్రుకా లెక్కపెట్టచ్చు. గడ్డం కింద చిన్నప్పటి గాటు కూడా తెలుస్తోంది. ఎక్కడా మసక లేదు.

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అయితే చూపు బాగానే ఉందన్నమాట! ఆ పెళ్ళిలో ఏదో తొందరపడి ఉంటాడు. ఇన్నాళ్ళూ అనవసరంగా కుమిలిపోయింది.

"ఎంత బాగా తీశారండీ!" అంది.

"పెద్దది చెయ్యి."

చేసింది. తెరంతా ఆవిడ మొహమే.

"ఇంకా పెద్దది చెయ్యి."

ఆయన ముక్కు తెరకి ఆనేంతగా ముందుకు వంగాడు. ఆవిడ చూపు ఆయన ఒళ్ళో ఉన్న కెమెరా మీద పడింది. మీట మీద టేపు లేదు. జిగురు మరక మాత్రం మిగిలింది.

"టేపేదండీ?"

"నిన్ను తీసేటప్పుడు పీకేశాను. నీ దగ్గర మాత్రం తప్పు జరగకూడదనుకున్నాను."

ఆయన కెమెరాని తడుముకుంటూ పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"రేపే తిరిగిచ్చేద్దాంలే. ఇక అద్దాలు మార్చి లాభం లేదని కళ్ళ డాక్టరు చెప్పినప్పుడు, అక్కణ్ణించి సరాసరి షాపుకెళ్ళి దీన్ని కొన్నాను" అన్నాడు. "నువ్వు చెప్పిన లోపాలన్నీ సర్దుకుపోదును. కానీ ఇంత పెద్దది చేసినా, నీ మొహం నాకు ఆనడం లేదే."